గుచ్ఛం నడిబొడ్డున ఉన్న ఎక్స్-రే మూలం ఏ రకమో తేల్చడం ఎలా?

నీలిచుక్క: 47 టుకానే అనే నక్షత్ర గుచ్ఛం కేంద్రంలో ఒక మసక మూలాన్ని చంద్రా ఎక్స్-రే టెలిస్కోప్ డేటాలో చూస్తున్నా. అది నిద్రాణ (జత నక్షత్రం నుంచి పదార్థం లాగడం దాదాపు ఆగిన) న్యూట్రాన్ తార జంటా, జత నక్షత్రం నుంచి పదార్థం లాగే తెల్లమరుగుజ్జు జంటా? హబుల్ చిత్రంలో ఆ మూలం ఉండగల వలయంలో నాలుగైదు చుక్కలు పడుతున్నాయి.

కక్ష్య: ముందు స్థానాలు సరిచేయండి. చంద్రా స్థానంలో అర ఆర్క్‌సెకను (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడా మామూలే, అక్కడి రద్దీలో అంత చాలు పక్క నక్షత్రం మీద వేలు పెట్టడానికి. ఆ గుచ్ఛంలో ఎక్స్-రేలోనూ కనిపించే మిల్లీసెకండ్ పల్సార్లు (సెకనుకు వందలసార్లు తిరిగే న్యూట్రాన్ తారలు) బోలెడు. వాటి రేడియో స్థానాలతో చంద్రా చిత్రం మొత్తాన్ని జరపండి.

తర్వాత వర్ణపటం. న్యూట్రాన్ తారైతే ఫోటాన్లు దాదాపు 2 కెఈవీ (ఫోటాన్ శక్తి కొలమానం) లోపే ఉంటాయి. హైడ్రోజన్ వాతావరణ నమూనాతో ఫిట్ చేస్తే వ్యాసార్థం 10-13 కి.మీ. రావాలి. వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోని ఉత్త బ్లాక్‌బాడీ నమూనా వాడితే మరీ చిన్నదొస్తుంది, దాన్ని నమ్మొద్దు. గట్టి (ఎక్కువ శక్తి గల) ఫోటాన్లే ఎక్కువైతే తెల్లమరుగుజ్జును అనుమానించండి. హబుల్‌లో నీలి ఛాయ, హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర కాంతి) ఉద్గారం వెతకండి.

తోక_చుక్క: ఒకటే మూలమని ముందే ఖాయం చేసుకోకండి. ఎం15 అనే మరో గుచ్ఛంలో ఏసీ211 అనే ఎక్స్-రే జంటలోని న్యూట్రాన్ తార చుట్టూ ఉన్న పదార్థపు డిస్కు చాటున దాగిందన్నారు, మరి 1988లో కనిపించిన ఎక్స్-రే పేలుడు నేరుగా ఎలా వచ్చింది? 2001లో చంద్రా విడదీసి చూపింది: 2.7 ఆర్క్‌సెకన్ల దూరంలో ఇంకో జంట ఉంది!

కక్ష్య: అలాంటి ప్రకాశవంతమైనవైతే పైలప్‌తోనూ జాగ్రత్త. చంద్రా కెమెరా తీసే ఒక్కో 3.2 సెకన్ల ఫ్రేమ్‌లో రెండు ఫోటాన్లు ఒకటిగా నమోదై వర్ణపటం గట్టిపడుతుంది. ఫ్రేమ్ సమయం తగ్గేలా చిప్‌లో కొంత భాగమే చదివించిన పరిశీలనలు ఉంటే అవే వాడండి.