‘లీ’ అనే ఇంటిపేరున్న వాళ్లంతా ఒకే కుటుంబమా? అమ్మాయి హిస్టరీ ప్రాజెక్టుకి సాయం కావాలి

ప్రశ్న (లీస్‌బర్గ్, వర్జీనియా)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. అమెరికా చరిత్రలో ఒకే ఇంటిపేరుతో పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి చార్టు గీసి క్లాసులో చెప్పాలట. మేముండేది లీస్‌బర్గ్ కదా అని ‘లీ’ పేరే తీసుకుంది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన రిచర్డ్ హెన్రీ లీ, అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాపతి రాబర్ట్ ఈ. లీ, వాషింగ్టన్ కింద జనరల్ చార్లెస్ లీ, వాషింగ్టన్ ఇంట్లో బానిసగా ఉన్న విలియం లీ, ఆఖరికి బ్రూస్ లీ కూడా. అందరినీ ఒకే వంశవృక్షంలో పెట్టేసింది. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరిని విడిగా చూపించాలో తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే వారమే ఇవ్వాలి.

జవాబు (రిచ్‌మండ్, వర్జీనియా)

మంచి పేరే ఎంచుకుందండి మీ పాప. ఎవరినీ తీసెయ్యక్కర్లేదు, కాకపోతే వృక్షం ఒకటి సరిపోదు. ముందు వర్జీనియా లీల సంగతి చెప్తాను. మన వరసల్లో చెప్పుకుంటే చాలా తేలిగ్గా అర్థమవుతుంది.

మూలపురుషుడు రిచర్డ్ లీ. ఇంగ్లండ్ నుంచి 1639 ప్రాంతంలో వర్జీనియా వచ్చాడు, 1664లో పోయాడు. కొడుకు పేరూ రిచర్డే. ఈ రెండో రిచర్డ్ కొడుకుల్లో మీకు కావలసింది ఇద్దరు: 1690లో పుట్టిన థామస్, 1691లో పుట్టిన హెన్రీ. అన్న థామస్ వెస్ట్‌మోర్‌లాండ్ కౌంటీలో స్ట్రాట్‌ఫర్డ్ హాల్ కట్టించాడు. ఆయన కొడుకులే రిచర్డ్ హెన్రీ, ఫ్రాన్సిస్ లైట్‌ఫుట్. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మందిలో సొంత అన్నదమ్ములు వీళ్లిద్దరే. ఇంగ్లండ్‌తో తెగతెంపులు చేసుకోవాలన్న తీర్మానాన్ని 1776 జూన్ 7న కాంగ్రెస్ ముందు పెట్టింది రిచర్డ్ హెన్రీ. అది జులై 2న నెగ్గింది. తమ్ముడు ఆర్థర్ 1778లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం మీద ఫ్రాంక్లిన్‌తో పాటు సంతకం చేశాడు.

ఇక థామస్ తమ్ముడు హెన్రీ శాఖ. హెన్రీ కొడుకు హెన్రీ, అతని కొడుకు మళ్లీ హెన్రీ. ఈ మూడో హెన్రీయే స్వాతంత్ర్య యుద్ధంలో గుర్రపు దళంతో పేరు తెచ్చుకున్న ‘లైట్ హార్స్ హ్యారీ’. తర్వాత వర్జీనియా గవర్నర్ అయ్యాడు, అప్పుల పాలై జైలుకీ వెళ్లాడు. అతని కొడుకే రాబర్ట్ ఈ. లీ, 1807లో స్ట్రాట్‌ఫర్డ్ హాల్‌లోనే పుట్టాడు. అంటే రాబర్ట్ సొంత తాత, రిచర్డ్ హెన్రీ ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. రాబర్ట్‌కి రిచర్డ్ హెన్రీ తాత వరస. చాలాచోట్ల ‘కజిన్’ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు, దాంతో ఏ తరమో తెలీదు. పాపకి ఇలా వరస పెట్టి చెప్పండి.

హ్యారీ మొదటి భార్య మటిల్డా కూడా ‘లీ’ ఆడపడుచే, రిచర్డ్ హెన్రీ పెద్దన్నగారి కూతురు. మన లెక్కలో హ్యారీకి చెల్లెలి వరస, వాళ్లకి అదేం అడ్డు కాలేదు. స్ట్రాట్‌ఫర్డ్ హాల్ ఆమె ద్వారానే హ్యారీ శాఖకి వచ్చింది. ఈ పెళ్లి చార్టులో చూపించకపోతే, థామస్ కట్టించిన ఇంట్లో హెన్రీ మునిమనవడు రాబర్ట్ ఎలా పుట్టాడో ఎవరికీ అర్థం కాదు. రాబర్ట్ తల్లి మాత్రం హ్యారీ రెండో భార్య యాన్ కార్టర్.

ఇంకొక్కరిని తప్పకుండా పెట్టించండి: శామ్యూల్ ఫిలిప్స్ లీ. రిచర్డ్ హెన్రీ మనవడు, రాబర్ట్‌కి తమ్ముడి వరస. వర్జీనియావాడే అయినా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళంలోనే ఉండిపోయాడు. లీలంతా దక్షిణాది వైపేనన్న అభిప్రాయానికి ఈయన మంచి జవాబు.

జవాబు (న్యూజెర్సీ)

చార్లెస్ లీ గురించి నేను చెప్తానండి, మా వైపు ఆ పేరు తరచూ వినిపిస్తుంది. జనరల్ చార్లెస్ లీ 1732లో ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో పుట్టాడు, అంతకుముందు బ్రిటిష్ సైన్యంలో అధికారి. వర్జీనియా లీల చెట్టులోకి రాడు. 1776 డిసెంబర్‌లో బాస్కింగ్ రిడ్జ్ దగ్గర బ్రిటిష్‌వాళ్లకి పట్టుబడ్డాడు. విడుదలై వచ్చాక 1778 జూన్‌లో మన్మత్ యుద్ధంలో వెనక్కి తగ్గినందుకు సైనిక విచారణ జరిగింది.

అయితే చార్లెస్ లీలు ఇద్దరు. రెండో చార్లెస్ 1795 నుంచి 1801 వరకు అమెరికా అటార్నీ జనరల్. ఈయన లైట్ హార్స్ హ్యారీకి సొంత తమ్ముడు, కాబట్టి చెట్టులో ఉండాలి. పాప ఏ చార్లెస్ ఫోటో అతికించిందో ఒకసారి చూడండి.

న్యూజెర్సీలో ఫోర్ట్ లీ ఊరుంది కదా, అది రాబర్ట్ ఈ. లీ పేరు అనుకునేవాళ్లు ఎంతమందో. ఆ కోటకి 1776లోనే జనరల్ చార్లెస్ పేరు పెట్టారు. మీ లీస్‌బర్గ్ కూడా రాబర్ట్ పేరు కాదు, అది 1758లో ఏర్పడిన ఊరు. అప్పటికి రాబర్ట్ తండ్రి రెండేళ్ల పసివాడు. ఊరి పేరు చూసినప్పుడు ముందు సంవత్సరం చూడమనండి.

జవాబు (అట్లాంటా, జార్జియా)

నా మనవి ఒకటే. విలియం లీని మూలన చిన్న పెట్టెలో పెట్టించొద్దు. 1768లో వాషింగ్టన్ ఆయన్ని వెస్ట్‌మోర్‌లాండ్ కౌంటీకి చెందిన దివంగత జాన్ లీ భార్య మేరీ లీ దగ్గర 61 పౌండ్ల 15 షిల్లింగులకు కొన్నాడు. తమ్ముడు ఫ్రాంక్‌ని కూడా అప్పుడే. స్వాతంత్ర్య యుద్ధం పొడుగునా విలియం వాషింగ్టన్ పక్కనే గుర్రం మీద ఉన్నాడు. తర్వాత రెండు మోకాళ్లూ దెబ్బతిని, మౌంట్ వెర్నన్‌లో చెప్పులు కుడుతూ గడిపాడు. 1799 నాటి వీలునామాలో వాషింగ్టన్ వెంటనే విడుదల చేసింది ఈయనొక్కడినే, ఏటా 30 డాలర్ల భరణంతో. మిగతావాళ్లకి తన భార్య మార్తా పోయాకే స్వేచ్ఛ అని రాశాడు. ఆ వీలునామాలోనే ‘తనను విలియం లీ అని చెప్పుకునే’ మనిషి అని ఉంది. అంటే ఆ ఇంటిపేరు ఆయన నిలబెట్టుకున్నది.

గూగుల్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. రిచర్డ్ హెన్రీ తమ్ముళ్లలో దౌత్యవేత్త విలియం లీ ఒకాయన ఉన్నాడు, ఇద్దరి వివరాలూ కలిసిపోతాయి.

ఇలాంటి జంటే ఇంకొకటి. ఫిట్జ్‌హ్యూ లీ అని రాబర్ట్ అన్నగారి కొడుకు, దక్షిణాది గుర్రపు దళం జనరల్, తర్వాత వర్జీనియా గవర్నర్. అందరూ ‘ఫిట్జ్ లీ’ అనేవాళ్లు. అదే వర్జీనియాలో డిన్‌విడీ కౌంటీలో పుట్టిన నల్లజాతి సైనికుడి పేరు కూడా ఫిట్జ్ లీ. 10వ అశ్వికదళంలో ప్రైవేట్, అంటే మామూలు సిపాయి. 1898లో క్యూబా తీరంలో చిక్కుకుపోయిన గాయపడ్డ సైనికులను కాల్పుల మధ్య కాపాడి మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. పీటర్స్‌బర్గ్ దగ్గరి సైనిక స్థావరం ఫోర్ట్ లీ మొదట రాబర్ట్ పేరు మీదే ఉండేది. 2023లో ఆ పేరు తీసి గ్రెగ్-ఆడమ్స్ అని మార్చారు, 2025లో మళ్లీ ఫోర్ట్ లీ అన్నారు. ఇప్పుడది అధికారికంగా ఈ ప్రైవేట్ ఫిట్జ్ లీ పేరు. బోర్డు మీద అక్షరాలు పాతవే, మనిషి వేరు. క్లాసులో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్సండి. ఇంకో సందేహం. విలియం లీని వర్జీనియా లీల చెట్టుకి గీతతో కలపొచ్చా? బ్రూస్ లీని ఎక్కడ పెట్టాలి?

జవాబు (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

బ్రూస్ లీ 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. అది చైనా ఇంటిపేరు, ఇంగ్లిష్‌లో రాసేసరికి అవే అక్షరాలయ్యాయి. 1948, 1952 ఒలింపిక్స్‌లో డైవింగ్ స్వర్ణాలు గెలిచిన సామీ లీ కొరియా మూలాలవాడు, కాబట్టి ఆయనకీ విడిగా పెట్టె. ఒక్కరికే చోటుంటే మాత్రం బ్రూస్ లీ బదులు మేబెల్ పింగ్-హువా లీని పెట్టమంటాను. 1912లో న్యూయార్క్‌లో ఆడవాళ్ల ఓటుహక్కు ఊరేగింపులో గుర్రమెక్కి ముందు నడిచిన అమ్మాయి, అప్పటికింకా టీనేజీ దాటలేదు. తర్వాత 1921లో కొలంబియాలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. ఆ హక్కు 1920లో దేశమంతా వచ్చినా, చైనావాళ్లకి పౌరసత్వం నిరాకరించే చట్టం 1943 దాకా ఉండటంతో ఆమెకి వర్తించలేదు. ఏడో తరగతి పిల్లలకి ఈ కథ బాగా పడుతుంది.

జవాబు (రిచ్‌మండ్, వర్జీనియా)

విలియం లీ గురించి మీరడిగినదానికి. ఆయన్ని కొమ్మగా గీయొద్దండి. గీత అంటే రక్తసంబంధం అని చదువుతారు, ఆధారం లేకుండా అది రాయకూడదు. ఆయనకి సొంత పెట్టె ఇచ్చి, ‘1768లో లీ కుటుంబం నుంచి వాషింగ్టన్ కొన్నాడు’ అని రాసిన బాణం గుర్తు పెట్టించండి. సంబంధం ఏ రకమో దాచకుండా చెప్పినట్టవుతుంది.

మనలో ఒకే ఇంటిపేరు వేరువేరు గోత్రాల్లో ఉంటుంది కదా, పాపకి అలా చెప్తే సగం పని అయిపోతుంది. ప్రతి పెట్టెలో నాలుగు సంగతులు రాయించండి: పుట్టిన ఏడు, ఊరు, తండ్రి పేరు, ఆ ఇంటిపేరు ఎలా వచ్చింది. ఆ నాలుగోదే ముఖ్యం. తండ్రి నుంచి వచ్చిందా, పెళ్లితో వచ్చిందా, యజమాని నుంచి వచ్చిందా, వలస వచ్చాక ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారిందా. పెళ్లితో వచ్చినదానికి జరీనా లీని చూపించొచ్చు, ఆఫ్రికన్ మెథడిస్ట్ చర్చిలో 1819లో బోధించడానికి అనుమతి పొందిన మొదటి స్త్రీ. పుట్టింది న్యూజెర్సీ కేప్‌మేలో, లీ అనేది భర్త ఇంటిపేరు.

నల్లజాతి కుటుంబాల వివరాలు వెతికితే 1870 జనాభా లెక్కల నుంచి మొదలుపెట్టండి. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరే ఉంటుంది. మనుషులకి వయసు, ఆడా మగా, రంగు తప్ప దాదాపుగా పేర్లే ఉండవు.

వీలుంటే శనివారం స్ట్రాట్‌ఫర్డ్ హాల్‌కి తీసుకెళ్లండి, చూడనిస్తారు. చార్టు పెన్సిల్‌తో గీశాక ఫోటో పెట్టండి, ఇంకు పెట్టేముందు వరసలు నేనొకసారి సరిచూస్తాను.