అప్‌డేట్: యెజ్డీలో ఎర్ర దీపం ఆరింది

నాన్నగారి పాత యెజ్డీ 250 బైక్‌లో ఇంజను వేగం పెంచినా, బ్యాటరీ చార్జ్ కావడం లేదని చెప్పే ఎర్ర దీపం ఆరడం లేదని అడిగాను కదా. కరెంటు పుట్టించే డైనమోలో కార్బన్ బ్రష్‌లు, అవి తాకే కమ్యుటేటర్ బాగానే ఉన్నాయి. మీలో ఒకరు అనుమానించినట్టే డైనమో వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌కు ఎర్త్ (ఫ్రేము ద్వారా కరెంటు తిరిగి వెళ్లే దారి) అందడం లేదు. ఫ్రేముకు కొత్తగా వేయించిన రంగు ఎంత అందంగా ఉందో, కరెంటుకు అంత అడ్డమైంది! ఎర్త్ లేకపోతే డైనమోను బ్యాటరీకి కలిపే కటౌట్ స్విచ్ కాయిల్ పనిచేయదు, పాయింట్లు కలవవు, డైనమో కరెంటు బ్యాటరీకి చేరదు. రెగ్యులేటర్ బోల్టు కింద రంగు గీకి, బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి దానికి విడిగా తీగ వేశాను. ఇప్పుడు బ్యాటరీ దగ్గర ఇంజను ఆపితే 6.3 వోల్టులు, కాస్త యాక్సిలరేటర్ ఇస్తే 7.2.

హన్మకొండ మెకానిక్ మాత్రం ఈ 6 వోల్టుల బండిని 12 వోల్టులకు మార్చమని ఇంకా పట్టుబడుతున్నాడు. మార్చను. రాత్రి కాజీపేట దాకా వెళ్లొచ్చాను. బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు హెడ్‌లైట్ మసకబారుతుంది, డైనమో బండికి అది మామూలే. హారన్ ఇంకా మూలుగుతోంది, ఆ సంగతి తర్వాత.