అప్‌డేట్: స్టాన్లీ పార్కు దగ్గరి విగ్రహం ఎవరిదో తెలిసింది

వాంకూవర్‌లో స్టాన్లీ పార్కుకు వెళ్లే దారిలో, ఇంగ్లిష్ బే వైపు ఉన్న అర్ధవిగ్రహం ఎవరిదని పోయిన నెల అడిగాను. ఎవరో సైన్యాధికారి అనుకున్నాను. కాదు, కిరాణా వ్యాపారి! పేరు డేవిడ్ ఒపెన్‌హైమర్.

1834లో బవేరియా (ఇప్పుడు జర్మనీలో భాగం) పాలనలోని బ్లీస్‌కాస్టెల్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. అమెరికా మీదుగా, ఇప్పుడు వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా చేరారు. అప్పటికది ఇంకా బ్రిటిష్ వలసే. కెనడాలో కలిసింది 1871లో. ఫ్రేజర్ నది ఒడ్డున యేల్‌లో అన్నదమ్ములు దుకాణం పెట్టి బంగారం తవ్వేవాళ్లకు సరుకులు అమ్మారు. బంగారం అందరికీ దొరకలేదు కానీ, ఆకలి మాత్రం అందరికీ వేసింది కదా!

1888 నుంచి 1891 వరకు వాంకూవర్ మేయరుగా ఉన్నారు, జీతం తీసుకోకుండా. స్టాన్లీ పార్కు తెరిచిందీ, కాపిలానో నది నీళ్లు సముద్రపు పాయ అడుగున వేసిన గొట్టాల్లో ఊరికి వచ్చిందీ, ట్రాములు నడిచిందీ ఆయన హయాంలోనే. సొంత భూముల విలువ కూడా పెరిగిందనుకోండి, ఆ లెక్క వేరు.

నిన్న పావెల్ వీధికి వెళ్లి ఆ అన్నదమ్ముల ఇటుకల గోదాము చూశాను. గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ దాన్ని కొని రికార్డింగ్ స్టూడియోగా మార్చారు. పప్పుబస్తాల చోట ఇప్పుడు గిటార్లు!