సమస్యాపూరణం: “కాళ్లు లేని పక్షి గంతు లిడెను” (ఆటవెలది)

పాత చేతిరంగుల పక్షిచిత్రాలను తిరగేస్తుంటే తట్టిన సమస్య ఇది. న్యూగినీలో వేటగాళ్లు కాళ్లు తీసేసి ఎండబెట్టిన స్వర్గపక్షి తోళ్లు బేరానికి వెళ్లేవి. వాటిని చూసిన యూరప్ వారిలో చాలామంది ఆ పక్షికి కాళ్లే లేవనీ, నేలకు దిగకుండా మంచు తాగి బతుకుతుందనీ నమ్మారు. పూరించండి.

మొదటి పూరణ:

పాదరహిత మంచుఁ బండితుల్ నుడువంగ
బొమ్మ గీసి రట్లె పొందుగాను
కొమ్మ నెక్కి జతనుఁ గోరుచు నడవిలో
కాళ్లు లేని పక్షి గంతు లిడెను

నిర్వాహకుడు: అమ్మా, చాలా బాగుంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఒక స్వర్గపక్షి జాతికి పెట్టిన ‘అపోడా’ అనే పేరుకు పాదాలు లేనిదనే అర్థం. ఆ పేరు ఇప్పటికీ చెల్లుతోంది కనుక మీ విరుపు నిలిచింది. 1824లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త రెనే లెసన్ న్యూగినీ అడవిలో సజీవంగా చూసిన పక్షి మీ మూడో పాదంలో కదిలింది. ‘పొందుగాను’ ఒక్కటే పాదపూరణకు తెచ్చినట్టుంది.

రెండో పూరణ:

రాగిరేకు మీఁద రమ్యంబుగాఁ జెక్కి
రంగు లద్దినారు వనిత లపుడు
పుటనుఁ దెఱచి చూడఁ బుట్టె జీవం బందు
కాళ్లు లేని పక్షి గంతు లిడెను

మొదటి కవయిత్రి: రెండో పాదంలో ‘రం–వ’ యతి కుదరలేదండీ. కాళ్లు ఎందుకు లేవో కూడా పద్యం చెప్పలేదు.

నిర్వాహకుడు: నిజమే. ఇంకో చిక్కు రాగితో ఉంది. 1555లో స్విస్ పండితుడు గెస్నర్ వెలువరించిన పక్షుల సంపుటంలో కాళ్లు లేకుండా కనిపించే స్వర్గపక్షి చెక్క అచ్చు బొమ్మ. 1801–1806 మధ్య పారిస్‌లో వెలువడిన పక్షిశాస్త్రవేత్త లెవాయాన్ స్వర్గపక్షుల సంపుటాలకు జాక్ బరాబాన్ బొమ్మలు గీశారు. వాటిని రాగిరేకుల మీద రంగులతో అచ్చువేసి కుంచెతో మెరుగుదిద్దారు. ఆ పక్షులు చక్కగా కొమ్మలను పట్టుకుని కూర్చున్నాయి! అసలు 1522లో తిరిగివచ్చిన మాజిలాన్ ఓడలోని యాత్రా రచయిత పిగఫెట్టా కూడా ఆ పక్షికి సన్నని కాళ్లున్నాయనే రాశారు. ఆ మాటను చాలామంది పట్టించుకోలేదు. నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి ఇది.

రెండో కవి: ధన్యవాదాలు గురువుగారూ. రాగిని వదలడానికి మనసు రాలేదు కానీ సవరించాను. ఆనాటి గెస్నర్ ప్రతుల్లో కొన్నిటికి చేత్తో రంగులు వేశారు కనుక కుంచెను మాత్రం ఉంచుకున్నాను.

కాళ్లు కోసినట్టి ఖగచర్మమును జూచి
చెక్కమీఁదఁ జెక్కి చిత్ర మద్ద
కుంచె రంగు నింపఁ గూడె జీవం బందు
కాళ్లు లేని పక్షి గంతు లిడెను

నిర్వాహకుడు: ఇప్పుడు పద్యం నిలబడింది! ‘చెక్క’, ‘చెక్కి’ పక్కపక్కన పడి ఉలి చప్పుడు వినిపిస్తోంది. రాగిరేకును వదలనక్కరలేదు. దాని మీద చెక్కిన బొమ్మ కాగితం మీద ఎడమ కుడిగా మారి పడుతుంది కదా, రేపటి సమస్య దానికోసమే: “కుడికిఁ జూచు పులుఁగు కూసె నెడమ.”