నంది హిల్స్ టైం ట్రయల్‌కి క్లబ్బోళ్ళు నా పేరు రాసేసినారు, యెట్లా ఎక్కల్ల?

అనంతపురం_బండి:
అందరికీ నమస్తే. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. ఆరు నెలల నుంచి ఒక సైకిల్ క్లబ్బుతో తిరుగుతుండా, అంతా చదును రోడ్లే, దేవనహళ్ళి దాకా పోయి ఇడ్లీ తిని వెనక్కి రావడం. ఇప్పుడు మావాళ్ళు బుధవారం తెల్లారి నంది హిల్స్ కింద నుంచి పైన గేటు దాకా టైం ట్రయల్ అంటున్నారు (శని ఆదివారాలైతే సూర్యోదయం చూసే కార్లతోనే రోడ్డు నిండిపోతుంది కదా). నిమిషానికి ఒకర్ని వదుల్తారంట, ముందరోని చక్రం వెనకాల దాక్కోకూడదంట. నేను ఆ కొండ ఒకేసారి ఎక్కినా, అదీ ఫోటోల పేరు చెప్పి రెండుచోట్ల దిగి ఊపిరి పీల్చుకున్యా. నా బరువు 82 కేజీలు, బండి 10. గేర్ల పళ్ళు ముందర 50/34, వెనక 11-28. ఎఫ్‌టీపీ (గంటసేపు ఆపకుండా తొక్కగలిగే పవర్) 180 వాట్ల చిల్లర. క్యాసెట్ (వెనక గేర్ల సెట్టు) మార్చల్లనా? ఒక ఫ్రెండు ఏరో బార్లు (గాలి తక్కువ తగిలేట్టు ముందుకు వంగి పట్టుకునే హ్యాండిళ్ళు) ఇస్తానంటున్నాడు, పెట్టుకోవాల్నా? ఆఖర్న వస్తే వాట్సాప్ గ్రూపులో నెల రోజులు నన్నే ఆడుకుంటారు, అదొక భయం.

కొండమామ:
తమ్ముడూ, ముందు ఏరో బార్లు వద్దని మీ ఫ్రెండుకి చెప్పేయ్. గంటకి పది పదకొండు కిలోమీటర్లతో పాకే చోట గాలితో ఏం గొడవ, అక్కడ నిన్ను వెనక్కి లాగేది బరువే. లెక్క వేసి చూడు: నువ్వూ బండీ కలిపి 92 కేజీలు, ఎత్తు సుమారు 450 మీటర్లు, 180 వాట్లు ఆపకుండా తొక్కితే కొండకే 37, 38 నిమిషాలు పోతాయి, టైర్ల రాపిడీ గాలీ కలిపితే 42 దాకా వస్తుంది. ఒక కేజీ తగ్గితే 25 సెకన్లు మిగులుతాయి, అంటే నిండు సీసాలు రెండు బదులు ఒకటే పెట్టుకో, పంక్చర్ కిట్టు సపోర్ట్ కారులో పడేయ్. అంతేగానీ నాలుగు రోజుల్లో సన్నబడదామని అన్నం మానేయకు, మధ్యలో కళ్ళు తిరుగుతాయి.

క్యాసెట్ మాత్రం మార్చు. పది శాతం ఎత్తున్న ముక్కలో నీ స్పీడు 7 లోపే ఉంటుంది, 34-28తో అయితే కాళ్ళు నిమిషానికి 45 సార్లు కూడా తిరగవు, మోకాళ్ళు ఏడుస్తాయి. వెనక 34 వేస్తే 54 వస్తుంది. కాకపోతే డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) షార్ట్ కేజ్, అంటే పొట్టి రకం అయితే 34 పట్టకపోవచ్చు, చైన్ పొడవు కూడా చూడాలి, మెకానిక్‌ని అడక్కుండా కొనకు.

చైన్_పడింది:
ఏరో బార్ల గురించి కొండమామ గారు చెప్పింది మన స్పీడుకి కరెక్టే, కానీ అందరికీ కాదండి. 2020 టూర్ డి ఫ్రాన్స్‌లో పొగాచర్ కొండ కింద టీటీ బండి (టైం ట్రయల్ కోసమే చేసిన ఏరో సైకిల్) దిగి మామూలు రోడ్ బండి ఎక్కి, అప్పటిదాకా ముందున్న రోగ్లిచ్ దగ్గర్నుంచి పసుపు జెర్సీ (మొత్తం రేసులో ముందున్నవాళ్ళు వేసుకునేది) లాగేసుకున్నాడు. 2023లోనూ అలాగే బండి మార్చాడు, కానీ ఈసారి వింగెగార్డ్ మార్చకుండా టీటీ బండి మీదే ఎక్కి పొగాచర్‌ని 1 నిమిషం 38 సెకన్ల తేడాతో ఓడించాడు. వాళ్ళు కొండ మీద కూడా మనం చదునులో పోయేంత స్పీడు పోతారు మరి.

వికారాబాద్_గాలి:
అన్నా, గేర్లు, వాట్లు అన్నీ సరే గని అసలు దెబ్బ మొదటి అయిదు నిమిషాలల్లనే తగుల్తది. నాకు అనంతగిరి ఎక్కేటప్పుడు అట్లనే అయింది, మనోడు ఒకడు నాకంటె నిమిషం ముంగట పోయిండు, మలుపు కాడ వాని జెర్సీ కనవడ్డది, ఇగ పట్టుకుంటా సూడు అని గుంజిన, హార్ట్ రేట్ 180 దాటింది, పట్టుకున్న కూడా, మస్తు ఖుషీ. తర్వాత రెండు కిలోమీటర్లు పానం బోయింది, వాడే మళ్ళ నన్ను దాటి నవ్వుకుంట పోయిండు. నందికి నేను రెండుసార్లు వచ్చిన, ఆడ ఇంకా మోసం, నిలువు అంతా పైనే పెట్టిండ్రు. మలుపులకు నంబర్లుంటయి, 40 దాక, సగం మలుపులు అయిపోయేదాక ఇది నాకు చాన అల్కగుంది అనిపించాలె, అనిపించకపోతె నువ్వు జోరుగ పోతున్నట్టే. హెయిర్‌పిన్‌ల లోపలి అంచు గోడ లెక్కుంటది, వెనకాల బండ్లు లేకుంటె జర బయటి నుంచి తిప్పు, రోడ్డు మనొక్కలదే కాదు.

ఇంకోటి, పైన కోతులుంటయి. అరటిపండు జేబుల పెట్టుకోని ఫినిష్ కాడ నిలవడకు.

కొండమామ:
కోతుల మాట నిజం 😄 దిగేటప్పుడు కూడా జాగ్రత్త తమ్ముడూ. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచుని పట్టేవి) పట్టుకునే కూర్చోకు, రిమ్ము కాలిపోతుంది, మలుపు ముందు గట్టిగా నొక్కి వదిలెయ్. చెమటతో తడిసి ఉంటావు, దిగేటప్పుడు చలికి వేళ్ళు బిగుసుకుపోతాయి, విండ్ జాకెట్ పైకి పంపించు.

అనంతపురం_బండి:
అయిపోయిందన్నా! 43 నిమిషాల 20 సెకన్లు, దిగకుండా. మెకానిక్ నా డిరైలర్‌కి 34 పట్టదు, 32 దాకానే అన్న్యాడు, అదే ఏపిచ్చినా. పద్నాలుగు మందిలో పన్నెండు. వికారాబాద్ అన్న చెప్పినట్టే ఎర్ర జెర్సీ ఒకటి కనపడింది, మా ఆఫీసోడే, చేతులు దురద పెట్టినాయి గానీ ఆపుకున్యా, పవర్ మీటరు చూసుకుంటా 170 వాట్ల దగ్గరే కట్టేసుకున్యా. 30వ మలుపు దాటినాక వాడే నడుస్తుండాడు, బండి పక్కన పట్టుకోని! ఏం మాట్లాడలేదు, మాట్లాడేకి ఊపిరి యాడుంది. చివర్లో మాత్రం కాళ్ళు కాదు, నడుము పట్టేసింది, రెండు రోజులైనా వంగలేకుండా ఉండా. ఇది సీటు ఎత్తు తేడానా, లేకపోతే కొండకి అలవాటు లేకనా? వచ్చే నెల మళ్ళీ పెడతారంట.