అప్‌డేట్: అమ్మకు చెప్పడానికి ఆడ డిటెక్టివ్ కథలు దొరికాయి

పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, వేగంగా నడిచే క్రైమ్ థ్రిల్లర్లు కావాలి, పరిశోధించేది ఆడమనిషే అయ్యుండాలి, చదివి మా అమ్మకు చెప్పాలి అని. చెప్పిన అక్కలకీ అన్నలకీ చాలా థ్యాంక్స్.

ముందు స్యూ గ్రాఫ్టన్ 'ఎ ఈజ్ ఫర్ ఆలిబై' మొదలుపెట్టాను, 1982లో వచ్చింది. కర్నూలులో బస్సెక్కి తెరిస్తే నంద్యాల ఎప్పుడు దాటిందో తెలీదు, ఆళ్లగడ్డలో టీ కోసం కూడా దిగలేదు, కడప వచ్చిందని పక్కనున్న పెద్దాయన తట్టి చెప్పాల్సి వచ్చింది. ఇందులో డిటెక్టివ్ కిన్సీ మిల్‌హోన్ దగ్గర సెల్‌ఫోన్ లేదు, సీసీ కెమెరాలు లేవు. మనిషి మనిషినీ కలిసి అడుగుతుంది, విన్నదంతా చిన్న అట్టకార్డుల మీద రాసుకుంటుంది. ఆ కార్డులు అటూ ఇటూ మార్చి చూసుకోవడం నాకు భలే నచ్చింది.

రాత్రి అమ్మ చెనక్కాయలు ఒలుస్తూ వింది. కాసేపటికి చేతిలో కాయ చేతిలోనే ఉంది, ఒలవడం ఆపేసింది. "ఆ యమ్మి ఒక్కతే పోయిందా ఆడికి?" అని టెన్షన్ పడిపోయింది.

సారా పారెట్‌స్కీ 'ఇండెమ్నిటీ ఓన్లీ' కూడా 1982దే, చికాగో కథ, సగంలో ఉన్నాను. ఇందులో డిటెక్టివ్ వి.ఐ. వార్షాస్కీ దెబ్బలు తింటుంది, తిరిగి కొడుతుంది, అమ్మకు ఈమే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

గ్రాఫ్టన్ కిన్సీ కథల్ని ఎ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో పుస్తకంగా రాశారు. 2017లో పోయారు, చివరి 'జెడ్' పుస్తకం రాకుండానే. అది తెలిసినప్పుడు నిజంగా బాధేసింది. 'వై' వరకు మాత్రం వదలను.