బోర్డు కోడ్, సర్వర్ కోడ్ రెండూ రస్ట్‌లోనే రాయొచ్చా?

బోరుమోటార్_ఫర్మ్‌వేర్:
అందరికీ నమస్తే. నేను చర్లపల్లిలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తా, బోరు మోటార్లకి స్టార్టర్ కంట్రోలర్లు చేస్తాం, ఒక ఫేజ్ పోయినా, బోర్లో నీళ్లు అయిపోయి మోటార్ డ్రై రన్ అవుతున్నా ఆపేసి రైతు ఫోన్‌కి మెసేజ్ పంపిస్తది. బోర్డు మీద ఎస్‌టీఎం32ఎఫ్103 అనే మైక్రోకంట్రోలర్ చిప్, 64 కేబీ ఫ్లాష్, 20 కేబీ ర్యామ్, కోడ్ అంతా సీ. సర్వర్ పైథాన్. బాధేంటంటే మధ్యలో పోయే ప్యాకెట్‌లో ఒక్క ఫీల్డ్ కలిపినా రెండు భాషల్లో రెండుసార్లు మార్చాలి, ఒకవైపు తప్పిపోతే డ్యాష్‌బోర్డులో వోల్టేజ్ ఉండాల్సిన చోట కరెంట్ కనపడతది. రస్ట్ భాష అయితే రెండు చోట్లా నడుస్తదంటున్నారు. 20 కేబీ ర్యామ్‌లో పట్టే భాష వెబ్ సర్వర్ రాయడానికి కూడా హాయిగా ఉంటదా? డీ అనే భాష గురించి కూడా ఒకరు చెప్పారు. చేసినవాళ్లు చెప్పండి.

హీప్_వద్దు:
రాయొచ్చు అన్నా, నిజంగానే. రస్ట్ లైబ్రరీ మూడు పొరలుగా ఉంటది. అడుగున కోర్, దానికి ఓఎస్ అక్కర్లేదు, హీప్ (ప్రోగ్రామ్ నడుస్తుంటే అవసరమైనప్పుడు అడిగి తీసుకునే మెమరీ) అక్కర్లేదు. దాని మీద అలాక్, హీప్ ఉంటేనే వాడతాం. పైన ఎస్‌టీడీ, ఫైళ్లు, థ్రెడ్లు, నెట్‌వర్క్ అన్నీ అక్కడే. మీ బోర్డుకి నో_ఎస్‌టీడీ అని పెట్టి కోర్‌తోనే రాస్తారు, వాడకం అయిపోయిన మెమరీని ఏరే గార్బేజ్ కలెక్టర్ ఈ భాషలో లేదు కాబట్టి 20 కేబీ అంటే భయపడక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది అసింక్, అంటే ఒక పని జవాబు కోసం ఆగితే ఈలోగా ఇంకో పని నడిపించే పద్ధతి. 2019లో 1.39 వెర్షన్‌లో అసింక్-అవెయిట్ స్టేబుల్ అయింది, కానీ దాన్ని నడిపించే రన్‌టైమ్‌ని భాషలో పెట్టలేదు, లైబ్రరీకి వదిలేశారు. అందుకే సర్వర్ మీద టోకియో అనే లైబ్రరీ నడిపిస్తది, మైక్రోకంట్రోలర్ మీద ఎంబసీ అనే లైబ్రరీ నడిపిస్తది, రాసే కోడ్ మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటది. అసింక్ ఫంక్షన్‌ని కంపైలర్ స్టేట్ మెషీన్‌గా (ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునే కోడ్‌గా) మార్చేస్తది, హీప్ లేకుండానే పని అయిపోతది. మోడెమ్ నుంచి జవాబు కోసం ఆగడం, ఏడీసీ (వోల్టేజ్‌ని నంబర్‌గా మార్చేది) రీడింగ్ కోసం ఆగడం, ఇవన్నీ మీరిప్పుడు సీలో పెద్ద స్విచ్-కేస్ పెట్టి చేస్తుంటారు కదా, ఆ తిప్పలు పోతాయి.

డీ మంచి భాషే, వాల్టర్ బ్రైట్ 2001లో తెచ్చింది, బెటర్‌సీ మోడ్ పెడితే గార్బేజ్ కలెక్టర్ పక్కకి పోతది. కానీ ఎస్‌టీఎం32కి తయారుగా దొరికే లైబ్రరీలు రస్ట్‌కే ఎక్కువ. ముగ్గురు నలుగురున్న టీమ్‌కి అదే ముఖ్యం.

సర్వర్_సునీత:
పై మాటలు ఒప్పుకుంటా, కానీ సర్వర్ మొత్తం తిరగరాయమని మాత్రం నేను చెప్పను. చాట్ యాప్ డిస్కార్డ్ వాళ్లు ఒక సర్వీస్‌ని గో భాష నుంచి రస్ట్‌కి మార్చామని 2020లో రాశారు, దాదాపు రెండు నిమిషాలకోసారి గార్బేజ్ కలెక్టర్ వల్ల లేటెన్సీ (జవాబుకి పట్టే టైమ్) పైకి లేచేదట, వాళ్ల స్కేల్‌కి అది పెద్ద సమస్య. బోరు మోటార్లు పంపే నాలుగు రీడింగ్‌లకి పైథాన్ చాలు. ఆక్సమ్ లాంటి రస్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు బాగుంటాయి, రోజూ వాడతా, కానీ కంపైల్ టైమ్, బారో చెకర్‌తో (మెమరీ వాడకం సరిగ్గా ఉందా అని చూసే కంపైలర్ భాగం) కుస్తీ, కొత్తవాళ్లని తీసుకుంటే మళ్లీ నేర్పించడం, ఇవన్నీ ఖర్చే.

మీ అసలు బాధ మధ్యలో ఉంది కాబట్టి మధ్యలోదే రస్ట్‌లో రాయండి. ప్యాకెట్‌ని బైట్లుగా మార్చడం, తిరిగి చదవడం, చెక్‌సమ్ (ప్యాకెట్ దారిలో పాడవలేదని చూసే నంబర్), ఈ మూడే ఉన్న చిన్న నో_ఎస్‌టీడీ క్రేట్, అంటే రస్ట్ లైబ్రరీ. పైఓ3 అనే టూల్‌తో దాన్ని పైథాన్ మాడ్యూల్‌గా చేసుకోవచ్చు, సర్వర్‌లో ఒక ఇంపోర్ట్ లైనే మారుతది.

బోరుమోటార్_ఫర్మ్‌వేర్:
అక్కా ఇది బాగుంది. కానీ బోర్డు వైపు సీ కోడ్ ఫీల్డ్‌లో నడుస్తోంది, దాన్ని ఇప్పుడు కదిలించలేం. సీ నుంచి ఆ క్రేట్‌ని పిలవొచ్చా?

హీప్_వద్దు:
పిలవొచ్చు. స్టాటిక్ లైబ్రరీగా బిల్డ్ చేసి, టార్గెట్ థంబ్‌వీ7ఎమ్ (మీ చిప్ రకం) పెట్టండి, సీబైండ్‌జెన్ అనే టూల్ హెడర్ ఫైల్ రాసిస్తది, మీ మేక్‌ఫైల్‌లో లింక్ చేస్తే అయిపోయె. స్ట్రక్ట్‌ని (ఫీల్డ్‌లన్నీ కలిపి పెట్టుకున్న డేటాని) ఉన్నదున్నట్టు లైన్ మీద పంపకండి. సీలో ఒక బైట్ తర్వాత నాలుగు బైట్ల నంబర్ పెడితే మధ్యలో మూడు బైట్ల ఖాళీ వస్తది, రస్ట్‌లో మామూలు స్ట్రక్ట్‌కి ఫీల్డ్‌ల వరసకే గ్యారంటీ లేదు. ఒక్కో ఫీల్డ్‌ని లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైట్ ముందు వచ్చే) బైట్లుగా విడిగా రాయండి, లేదా పోస్ట్‌కార్డ్ క్రేట్ వాడండి, అది హీప్ లేకుండా నడుస్తది.

సర్వర్_సునీత:
ఇంకోటి, మీకు తప్పక తగిలేది. రస్ట్ మెమరీ తప్పులు పట్టుకుంటది, లెక్క తప్పులు అన్నీ పట్టుకోదు. 415 వోల్ట్‌లు, 20.0 ఆంపియర్లని 200గా పెట్టుకుని యూ16లో (16 బిట్ల నంబర్) గుణిస్తే 83000 రావాలి, కానీ యూ16లో 65535 వరకే పడతది. డీబగ్ బిల్డ్‌లో పానిక్ అవుతది (ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతది), రిలీజ్‌లో మామూలుగా నోరెత్తకుండా 17464 ఇస్తది. మోటార్ లోడ్ పడిపోయిందనుకుని మీ డ్రై రన్ లాజిక్ ఆపేస్తది. గుణకారం యూ32లో చేయండి, రిలీజ్ ప్రొఫైల్‌లో ఓవర్‌ఫ్లో చెక్స్ కూడా ఆన్ చేయండి. నో_ఎస్‌టీడీలో పానిక్ హ్యాండ్లర్ మీరే రాయాలి కాబట్టి అందులో మొదటి లైన్ మోటార్‌కి కరెంట్ ఇచ్చే కాంటాక్టర్‌ని ఆఫ్ చేసేది పెట్టండి, రీసెట్ ఆ తర్వాతే.